పేగుదారిలో టార్చిలైటు

పొద్దున ఎనిమిదింటికి ఆసుపత్రిలో నర్సు, పేగులోకి పంపే కెమెరా గొట్టం తుడిచి, నీలిరంగు నీళ్ళు కలిపి పెట్టేది. డాక్టరు టీ తాగి వచ్చేవాడు. ఆ గదిలో రోజూ జరిగేదే: తెర మీద పేగు కనిపించగానే, రోగి తాలూకు పోయినవాళ్ళెవరో ఒకరు దీపం పట్టుకుని ముందు నడిచేవారు. "మామ్మగారూ, కాస్త పక్కకి జరగండి," అనేవాడు డాక్టరు. ఆవిడ జరిగేది. ఇందులో వింతేముంది, అంత ఇరుకులోకి సొంతమనుషులు కాక ఇంకెవరొస్తారు!

కుట్టుపని చేసే ఒకావిడకి పద్నాలుగేళ్ళుగా పెద్దపేగులో పుండ్లు. అన్నేళ్ళ జబ్బు కాన్సర్‌లోకి దిగుతుందేమోనని ఏటా లోపల చూడాలి. ఏటా ఆవిడ ఎగ్గొట్టబోయేది, భర్త బతిమాలి తీసుకొచ్చేవాడు. అతను కరెంటు లైన్‌మన్. ఎంత వానైనా సరే, తీగ తెగిన చోటు దొరికేదాకా టార్చి ఆర్పేవాడు కాదు, అదొక మొండితనం. మొన్న వేసవిలో గుండె ఆగి పోయాడు. ఆవిడకి బతుకు మీదే ఆశ చచ్చింది, ఇక పరీక్ష ఎవరికి కావాలి? ఆడపడుచు రెండు రోజులు పోరి పోరి, చివరికి ఒక్క మాట అంది.

"రా వదినా. అన్నయ్య వస్తాడేమో చూద్దువుగాని."

మత్తుసూది వద్దంది ఆవిడ. ఓర్చుకోలేరమ్మా అని నర్సు ఎంత చెప్పినా వినలేదు. మత్తులో ఉంటే మనిషి కనపడడు కదా మరి.

వచ్చాడు. అదే ఖాకీ చొక్కా, మోచేతి దగ్గర ఆవిడ వేసిన అతుకుతో సహా. వెనక్కి తిరగలేదు, పనిలో ఉంటే ఎప్పుడూ అంతే. పళ్ళు బిగపట్టి ఆ వీపునే చూస్తూ పడుకుంది. ఒక మలుపులో ఆగి, నున్నటి గోడ మీద టార్చి వేశాడు. అక్కడేమీ లేదు. డాక్టరు గొట్టం ముందుకి తోయబోయాడు. అతను కదల్లేదు.

"ఆయన ఊరికే ఆగరండీ," అంది ఆవిడ.

డాక్టరు నీలిరంగు నీళ్ళు చల్లాడు. నువ్వుగింజంత మచ్చ తేలింది. ఇంకో ఏడాది ఆగితే చెయ్యి దాటిపోయేదని చెప్పి, అక్కడికక్కడే తీసేశాడు. ముక్క ఊడి రాగానే టార్చి ఆరింది. తెర మీద ఉత్త పేగు మిగిలింది. ఆవిడ భోరున ఏడ్చింది. నొప్పా అని ఎవరూ అడగలేదు.

పది రోజులకి, భయం లేదని రిపోర్టు వచ్చింది. ఆరు నెలలకి రమ్మని డాక్టరు చీటీ రాశాడు. ఏటా తేదీ మర్చిపోయినట్టు నటించే మనిషి, గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చింది.

"మూడు నెలలకి రాకూడదాండీ?"

డాక్టరు ఆవిడ వంక చూసి, ఆరు కొట్టేసి మూడు వేశాడు.