ఈశ్వరి మెచ్చిన మూడు సంపుటాలు

ఓడల్లోంచి దిగిన పాత పుస్తకాలు పూర్ణా మార్కెట్ దగ్గర ఒక కొట్లో కుప్పలుగా పడి ఉండేవి. శ్రీసత్యకీ ఈశ్వరికీ స్నేహం కుదిరింది ఆ కుప్పల దగ్గరే. శ్రీసత్య ఉక్కునగరంలో ఉంటూ ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేది. ఈశ్వరిది జాలరిపేట. డిగ్రీ అయ్యాక ఫిషింగ్ హార్బర్‌లో ఒక ఐసు ఫ్యాక్టరీ ఆఫీసులో చేరింది. పాతికేళ్లు దాటినా ఇద్దరికీ సూపర్‌హీరో కామిక్సంటే ప్రాణం. అదీ విడి సంచికలు కాదు, కథ మొత్తం ఒక్కచోట కుట్టిన లావుపాటి సంపుటాలు.

ఉక్కునగరం కాలనీ పాఠకుల సంఘం నెలనెలా సభ పెట్టేది. డిసెంబరు సభలో మాత్రం ఆ ఏడు చదివినవాటిలో తమకు నచ్చినవేవో ఎవరికి వారు లేచి చెప్పాలి. 2001లో ఈశ్వరే అంది, "ఈసారి మనవి సెప్పేద్దామే. ముందు నువ్వు, ఎనక నాను."

శ్రీసత్య సరేనంది. ఏవి చెప్పాలో బీచి గట్టు మీద కూర్చుని ఒక సాయంత్రమంతా వాదించుకున్నారు కూడా.

తీరా సభకి వెళ్తే ముందు వరసలో శ్రీసత్య బడి హెడ్‌మిస్ట్రెస్ వెంకటరమణమ్మగారు కూర్చుని ఉన్నారు. అధ్యక్షుడు శ్రీరామ్మూర్తిగారు పేరు పిలవగానే శ్రీసత్య లేచి, సగంలో వదిలేసిన ఒక పెద్ద నవల గురించి గంభీరంగా నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఈశ్వరి ఆమె వంక ఒకసారి చూసి, సంచీ పట్టుకుని లేచింది.

"నాకీ ఏడు నచ్చినవి మూడండి. మొదటిదాంట్లో హీరోకి బలం పోద్ది. ఆస్పత్రిలో మంచాలు తోసుకుంటా బతుకుతాడు. బలం తిరిగొస్తాదా రాదా అని నాను పేజీలు తిప్పనేదండి, ఆడు రేపు పనికెల్తాడా మానేత్తాడా అని తిప్పినాను. రెండోదాంట్లో హీరో ముసలమ్మ. ఎగరగల్దు గానీ మోకాళ్ల నొప్పులకి దిగనేదు."

వెనక వరసల్లో నవ్వులు లేచాయి.

"ఇవి చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు కదమ్మా?" అన్నారు శ్రీరామ్మూర్తిగారు.

"అందరం సదవొచ్చండి. మా సత్యా నానూ కలిసే సదివినాం" అంటూ ఈశ్వరి నవ్వుతూ ఇటు తిరిగింది.

హాలంతా శ్రీసత్య వైపు చూసింది. వెంకటరమణమ్మగారూ చూశారు.

"అబ్బే, నేను కాదండీ. బడి పిల్లలకి పనికొస్తాయేమోనని ఒకటి రెండు తిరగేశానంతే" అంది శ్రీసత్య.

ఈశ్వరి మొహంలో నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది.

"ఔనండి, నానే సదివినాను. ఏదో నోరు జారినాను" అని, మూడో పుస్తకం గురించి కూడా పూర్తిగా చెప్పి మరీ కూర్చుంది.

శ్రీసత్యకి చెవులు కాలిపోయాయి. ఈశ్వరి అందరి ముందూ తన గుట్టు బయటపెట్టేసి ఉంటే బాగుండుననిపించింది. సభ అయ్యాక వెతికేసరికి ఈశ్వరి బస్సెక్కి వెళ్లిపోయింది.

మర్నాడు శ్రీసత్య బడికి సెలవు పెట్టి హార్బర్‌కి వెళ్లింది. చేపల వేలం అయిపోయి, రేవు కడుగుతున్నారు. ఈశ్వరి ఆఫీసు బయటికి వచ్చి నిలబడింది.

"తప్పయిపోయిందే."

"ఒకటడుగుతాను సెప్పు. నీకు పుస్తకాల్ని సూసి సిగ్గేసిందేటి, నన్ను సూసా?"

పుస్తకాల్ని చూసే అనబోయింది శ్రీసత్య. వెనక వరసల వాళ్లు నవ్వింది ముసలమ్మ కథకి మాత్రమే కాదు. ఈశ్వరి మాటతీరుకి కూడా నవ్వారు. ఆ నవ్వు తన మీద కూడా పడుతుందనే కదా తను జంకింది! తల దించుకుంది.

"ఔన్లే" అంది ఈశ్వరి. "ఇప్పుడైనా అబద్దమాడ్నేదు, అదొకటి." లోపలికి వెళ్లిపోయింది.

జనవరి సభలో శ్రీసత్య లేచి, ఆ నవల తను పూర్తిగా చదవలేదనీ, ఈశ్వరి చెప్పిన మూడూ తనకీ నచ్చినవేననీ చెప్పింది. ఎవరూ నవ్వలేదు. వెంకటరమణమ్మగారు "అలాగా" అని ఊరుకున్నారు. ఇంతేనా, దీనికా నేను భయపడింది అని శ్రీసత్య ఇంకా చితికిపోయింది. ఈశ్వరి ఆ సభకి రాలేదు.

తర్వాత పాత పుస్తకాల కొట్లో కలిసినప్పుడు ఈ సంగతి చెప్తే, "ఇన్నాను" అంది ఈశ్వరి. అప్పుడే చదవడం ముగించిన కొత్త సంపుటం చేతిలో పెట్టింది. ఎలా ఉందో మాత్రం మునుపటిలా చెప్పలేదు. శ్రీసత్య చదివి తిరిగిచ్చినప్పుడు నచ్చిందా అని అడగనూ లేదు.