లేని రెండు ఫోన్లు

"ఇప్పుడు మీ చెల్లి దగ్గరికి దేనికి? కారణం ఏంటి?" అన్నారు మా ఆయన. ఈ పొద్దున ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ, రెండు రోజులు వెళ్లొస్తానని అడిగాను. చూడాలనిపించింది అన్నాను. "అదీ ఒక కారణమేనా?" అని గదిలోంచి అత్తయ్య అందుకున్నారు. ఒళ్లు మండింది. అయినా, చెల్లికి జ్వరమని నోటికొచ్చిన అబద్ధం చెప్పాను. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా," అన్నారు ఆయన, వేడి చొక్కా తొడుక్కుంటూ.

కారణాలు పుట్టించడం నాకు కొత్త కాదు. ప్రభుత్వ వకీలు ఆఫీసులో టైపిస్టుని. ఉగ్రవాద కేసుల చట్టం వేరు. అందులోనూ తొంభై రోజుల్లో పోలీసులు ఛార్జిషీటు వెయ్యకపోతే పట్టుకున్న మనిషికి బెయిలివ్వాలి. ఇంకా జైల్లోనే ఉంచాలంటే మా వకీలు సారు కేసు చదివి, ఎందుకో కారణాలు రాసి, కోర్టుని గడువు అడగాలి. చట్టంలో ఉన్నది అది. మా ఆఫీసులో జరిగేది, "పాతది తీసి పేరు మార్చమ్మా." ఆరేళ్లుగా మారుస్తూనే ఉన్నాను. సారు చదవకుండా సంతకం పెడతారు, జడ్జిగారు సరేనంటారు.

పుస్తకాలు బైండింగ్ చేసే ఒకామె కేసులోనూ అలాగే మార్చాను. నలభై అయిదు రోజుల గడువు వచ్చింది. నిన్న ఆఫీసు వరండాలో వాళ్లమ్మ, కూతురి బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని, నన్ను ఆపింది. "రెండు ఫోన్లు పరీక్షకి పంపారనీ, ఆ రిపోర్టు రాలేదనీ దాన్ని ఇంకా ఉంచారట కదమ్మా. దానికి ఫోనే లేదు. నా దాంట్లోనే మాట్లాడేది. అవి ఎవరివో కాస్త కనుక్కోమ్మా." పరుగున వెళ్లి, కేసు కట్ట విప్పి, పోలీసులు పట్టుకున్న వస్తువుల జాబితా చూశాను. సూదులు, దారం, జిగురు డబ్బా, విప్పిన పుస్తకాలు నాలుగు. ఫోన్లు లేవు. ఆ రెండూ అంతకుముందు కేసులో ఒక డ్రైవరువి. పేరు మార్చాను, ఫోన్లు వదిలేశాను. ఆ కాగితం మీదే ఆమె ఇన్ని రోజులు లోపలుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

సారుకి చెప్తే నవ్వారు. "టెర్రరిజం కేసులో ఎవరడుగుతారమ్మా? టైపిస్టువి, టైపిస్టులా ఉండు." ఇంట్లో చెప్తే, "అలాంటివాళ్ల మీద జాలేంటి? నీదేముంది, టైపేగా," అన్నారు మా ఆయన. టైపేగా, వంటేగా, ఇస్త్రీయేగా. నేను చేసే ఏ పనీ వీళ్లకి పని కాదు.

ఈ రోజు ఆమె గడువు అయిపోతోంది. మళ్లీ అడగకపోతే రేపు బెయిలు మీద ఇంటికి వెళ్తుంది. "ఆ పాతదే తీసి తేదీ మార్చి తెచ్చెయ్," అన్నారు సారు. కంప్యూటరు ముందు కూర్చున్నాను. పొద్దున ఇంట్లో ఒక కారణం పుట్టించి వచ్చాను. రోజుకి ఒకటి చాలనిపించింది. ఆమె పేరు, కేసు నంబరు, 'కారణాలు' అని టైపు చేసి, కింద ఖాళీ వదిలేశాను. ఆ కాగితాన్నీ కేసు కట్టనీ తీసుకెళ్లి సారు ముందు పెట్టాను.

"ఏంటిది, ఖాళీగా ఉంది?"

"కారణాలు మీరు చెప్పండి సార్, రాసుకుంటాను. పోయినసారి రాసిన ఫోన్లు ఆమెవి కావని కూడా రాయాలి."

"ఉద్యోగం ఉండాలని ఉందా లేదా నీకు?"

"ఉండాలనే ఉంది సార్." ఎదురు కుర్చీలో కూర్చుని నోట్‌బుక్ తెరిచాను. కోర్టు మూసెయ్యడానికి ఇంకో గంట ఉంది.

ఆయన నన్నూ గడియారాన్నీ మార్చి మార్చి చూసి, విసురుగా కేసు కట్టని దగ్గరికి లాక్కున్నారు. ఆరేళ్లలో ఆయన కట్ట విప్పబోవడం అదే మొదటిసారి. నిన్న నేను వేసిన ముడి. అది ఆయన వేళ్లకి లొంగడం లేదు.

"కాస్త ఇది విప్పి పెట్టమ్మా," అన్నారు.

నేను చేతులు నోట్‌బుక్ మీదే ఉంచుకున్నాను.