అంటుకోని గురుగ్రహం

గ్యాస్ పొయ్యిల మెకానిక్ ఇంటికి కోడలు వచ్చి మూడు నెలలైంది. ఈ మూడు నెలల్లో మామాకోడళ్లు మాట్లాడుకున్న మాటలన్నీ పోగేసినా అర పేజీ నిండదు. "భోంచేశారా మామయ్యా?" అని ఆమె, "చేశానమ్మా" అని ఆయన. అంతే. కొత్త కోడలు కదా, బెరుకు అనుకుంటే పొరపాటే. బెరుకంతా ఆయనదే. కోడలు ఫిజిక్స్‌లో పెద్ద చదువు చదివి నక్షత్రశాలలో ఉద్యోగం చేస్తోంది. ఆయనేమో ఏడో తరగతితో చదువుకు మంగళం పాడేసి, ముప్పై రెండేళ్లుగా జనం పొయ్యిల కింద తల పెట్టి బతుకుతున్నాడు. నోరు తెరిస్తే ఏం తప్పు దొర్లుతుందోనని గుబులు.

గడప దాటితే మాత్రం ఆ నోటికి అడ్డూ ఆపూ లేదు. బర్నర్ మీద మంట నీలంగా నిలబడేదాకా ఎవరింట్లోంచీ కదిలేవాడు కాదు. అంచున కాస్త పసుపు కనిపించినా, "ఇది మంట కాదమ్మా, మసి!" అని మళ్లీ మొదటినుంచీ విప్పేవాడు. అందుకే అందరూ ఆయన్ని నీలిమంట అనేవారు.

ఒక ఆదివారం పొద్దున నక్షత్రశాలలో కోడలు మొదటిసారి సొంతంగా షో చెబుతోందంటే ఇంటిల్లిపాదీ వెళ్లారు. దీపాలు ఆరాయి. తల మీది గుమ్మటం నిండా చుక్కలు పరుచుకున్నాయి. చారల చారల గురుగ్రహం పెద్దదై ముందుకొచ్చింది.

"ఇది గ్యాస్ దిగ్గజం" అంది కోడలు మైకులో. "కాలు పెట్టడానికి నేలే ఉండదు. ఎక్కువ భాగం హైడ్రోజన్, మిగతాది హీలియం. మన సూర్యుడిలో ఉన్నదీ ఇదే సరుకు."

గ్యాస్ అన్న మాట చెవిన పడగానే వెనక్కి వాలిన నీలిమంట నిటారుగా లేచి కూర్చున్నాడు. ప్రశ్నలేమైనా ఉంటే అడగమని కోడలు అనేసరికి ఆయన చెయ్యి దానంతట అదే పైకి లేచింది. పక్కనున్న భార్య ఆ చేతిని కిందికి లాగబోయింది గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది.

"రెండింట్లోనూ ఒకటే గ్యాస్ అన్నారు కదా. మరి అది వెలుగుతుంటే ఇదెందుకు అంటుకోలేదు?"

"అగ్గిపెట్టె దొరకలేదేమో!" అన్నారెవరో వెనకనుంచి. హాలంతా గొల్లుమంది.

"గురుగ్రహం చిన్నది కదండీ, అందుకని" అంది కోడలు.

అక్కడితో ఊరుకుంటే ఆయన నీలిమంట ఎందుకవుతాడు? "చిన్నదైతేనేం? లైటర్‌లో గ్యాస్ రెండు చెంచాలు కూడా ఉండదు. అంటుకోవట్లేదూ?"

ఈసారి నవ్వులు మరీ ఎక్కువయ్యాయి. కోడలు టైమైపోయిందని చెప్పి దీపాలు వేసేసింది. ఆ వెలుతురులో ఆమె మొహం కందగడ్డలా కనిపించింది.

ఇంటికి వస్తున్నంతసేపూ భార్య ఆయన్ని దులిపేస్తూనే ఉంది. "పిల్ల మొదటి రోజండీ! నలుగురిలో పరువు తీశారు."

"గ్యాస్ అంది కదే..."

"అంటే? ఆకాశంలో ఉన్నదానిక్కూడా మీరే మెకానిక్కా?"

సాయంత్రం కోడలు వచ్చి నేరుగా పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. ఆమె తల ఎత్తకపోవడం చూసి నీలిమంటకు అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున ఆయన షాపులో కూర్చుని ఒక బర్నర్ కన్నాలు బ్రష్‌తో తోముతున్నాడు. గుమ్మంలోకి కోడలు వచ్చింది. ఆమె ఆ షాపులో అడుగు పెట్టడం అదే మొదలు.

"మామయ్యా, నిన్న మీకు తప్పు చెప్పాను."

"అయ్యో, తప్పు నాదమ్మా. అడక్కుండా ఉండాల్సింది."

"అడగాల్సిందే. ముందు ఇది చెప్పండి. గ్యాస్ కట్టెయ్యకుండా మంట ఆర్పాలంటే ఎలా?"

పని సంగతి వచ్చేసరికి ఆయన బెరుకు ఎటో పోయింది. కరెంటు పోతే వెలిగించుకునే కొవ్వొత్తి తీసి ముట్టించి, దాని మీద గాజు గ్లాసు బోర్లించాడు. మంట కుదించుకుపోయి ఆరిపోయింది. "గాలి ఆడకపోతే మంట లేదమ్మా."

"గాలిలోని ఆక్సిజన్ లేకపోతే! గురుగ్రహం మీద ఆ ఆక్సిజన్ లేదు. అక్కడ ఎన్ని అగ్గిపుల్లలు గీసినా లాభం లేదు."

"అదీ సంగతి!" అని తొడ చరిచాడు నీలిమంట. అంతలోనే కనుబొమలు ముడిపడ్డాయి. "మరి సూర్యుడికి ఎవరు ఊదుతున్నారు?"

కోడలు పకపకా నవ్వింది. "ఎవరూ ఊదట్లేదు. సూర్యుడు అసలు మండట్లేదు మామయ్యా."

"మండకపోతే ఈ ఎండేంటి తల్లీ?"

కోడలు స్టూలు లాక్కుని కూర్చుని చెప్పసాగింది. సూర్యుడి బరువే సూర్యుణ్ణి లోపలికి నొక్కేస్తుంది. ఆ నొక్కుడికి నడిమధ్యలో విపరీతమైన వేడి పుడుతుంది. ఆ వేడిలో హైడ్రోజన్ రేణువులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి హీలియం అవుతాయి. అప్పుడు బయటపడే శక్తే మనకు వెలుగూ, ఎండా. పొగా లేదు, మసీ లేదు.

"గురుగ్రహానికీ బరువుంది కదా?"

"ఉంది. చాలదు. అలాంటివి ఓ ఎనభై తెచ్చి ఒకే ముద్ద చేస్తే అప్పుడు నక్షత్రమై వెలుగుతుంది. చిత్రమేంటంటే, ఆ ముద్ద ఎంత ఉంటుందనుకున్నారు? ఇంచుమించు ఇప్పటి గురుగ్రహమంతే! తన బరువుకు తనే అణిగిపోతుంది. చిన్నది కాబట్టి వెలగలేదన్నాను చూడండి, అది తప్పు. సైజుతో పని లేదన్న మీ మాటే రైటు."

ముప్పై రెండేళ్లలో నీలిమంట మాట రైటని ఒక చదువుకున్న మనిషి ఎదురుగా కూర్చుని చెప్పడం ఇదే మొదలు. ముక్కు ఎగబీల్చి, బర్నర్‌ని అవసరం లేకపోయినా మళ్లీ తోమాడు.

"వచ్చే ఆదివారం ఈ కొవ్వొత్తి పని షోలో మీరే చేసి చూపించాలి" అంది కోడలు.

"నేనా? మీ అత్తయ్య నన్ను బతకనివ్వదు!"

"అత్తయ్యని అడిగే వచ్చాను. మీ మంచి చొక్కా ఇస్త్రీకి ఇచ్చేశారట."

ఆదివారం హాలు నిండింది. మొదట్లో ఆయన కంగారులో రెండు పుల్లలు విరిచేశాడు. మూడోదానికి కొవ్వొత్తి వెలిగింది, గ్లాసు కింద ఆరింది. ఇక నీలిమంట గొంతు లేచింది. గాలి, మంట, నొక్కుడు, ఎనభై గురుగ్రహాల ముద్ద, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. ముందు వరసలో ఒక పెద్దావిడ చెయ్యెత్తింది.

"మరి ఎనభై కాకుండా ఇరవయ్యే కలిపితే ఏమవుతుంది బాబూ?"

ఆయన బుర్ర గీరుకుని, ఏమాత్రం సిగ్గుపడకుండా మైకు అటు తిప్పాడు. "అది మా కోడలు చెబుతుంది."

"గ్రహమూ కాదు, పూర్తి నక్షత్రమూ కాదండీ" అంది కోడలు. "బ్రౌన్ డ్వార్ఫ్ అంటారు. కొన్నాళ్లు కాస్త రాజుకుని, తర్వాత మెల్లగా చల్లారిపోతుంది."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ చల్లారేవాటి గురించి మామాకోడళ్లు వాదన పెట్టుకున్నారు. దిగాల్సిన స్టాపు వచ్చింది. భార్యా కొడుకూ దిగి పిలిచారు. పిలుపు వినపడేలోపే బస్సు కదిలిపోయింది.

"పోనీలేరా" అంది ఆవిడ కొడుకుతో, నవ్వాపుకోలేక. "ఆఖరి స్టాపు దాకా వెళ్లి వస్తారు. పద, మనం ఈలోగా తినేద్దాం."