చేతిసంచిలో గలగల

వీధి మొత్తానికి ఆవిడ మందులక్క. ఆవిడ మందుల షాపుకొచ్చి ఎవరైనా బలానికని ఓ టానిక్ అడిగారా, ఇక వాళ్ల పని అయిపోయినట్టే. "లేబుల్ చదివారా? ఇంట్లో ఇంకేం మింగుతున్నారు? ఒకదాని మీద ఒకటి వేసుకుంటే బలం వస్తుందా, ప్రాణం మీదికొస్తుందా?" అని నలుగురిలో కడిగేసేది. పాపం, జనం తలొంచుకుని డాక్టరు చీటీ కోసం వెళ్లిపోయేవారు.

అలాంటి మందులక్క ఆ రోజు పశువుల డాక్టరు ముందు నేలచూపులు చూస్తూ నిలబడింది. బల్ల మీద ఆవిడ కుక్క బొద్దు పడుకుని ఉంది. ఇప్పుడది పేరుకే బొద్దు. నాలుగు రోజులుగా ముద్ద ముట్టలేదు. గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగి కక్కేస్తోంది.

"రక్తంలో కాల్షియం విపరీతంగా ఉందమ్మా," అన్నాడు డాక్టరు. "కారణం తెలిస్తేనే సరైన మందు పడుతుంది. ఆలస్యమైతే కిడ్నీలు దక్కవు. తిండి కాక ఇంకేమైనా ఇస్తున్నారా?"

"అబ్బే, ఏమీ లేదండీ."

పక్కనున్న భర్త ఆవిడ వంక ఒకసారి చూసి, గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగాడు.

నిజానికి చేతిసంచిలో మూడు డబ్బాల మాత్రలున్నాయి. చూపిద్దామనే తెచ్చింది. ఎముకలకొకటి, బొచ్చు నిగనిగకొకటి, ముసలి కుక్కల హుషారుకొకటి. పెంపుడు జంతువుల షాపులో పైన బొమ్మలు చూసి ముచ్చటపడి కొన్నది. వెనక్కి తిప్పి చదివిన పాపాన పోలేదు. ఈ పొద్దున తిప్పితే, మూడింటిలోనూ డి విటమినే, మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెంచేసేది. ఊరందరికీ సుద్దులు చెప్పే తాను ఈ మాట ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

చెమట తుడుచుకుందామని రుమాలు కోసం సంచిలో చెయ్యి పెట్టింది. డబ్బాలు గలగలమన్నాయి.

పొద్దుటి నుంచి కన్ను తెరవని బొద్దు తలెత్తింది. తోకతో బల్ల మీద టపటపా కొట్టి, రోజూలాగే బుద్ధిగా నోరు తెరిచింది.

డాక్టరు సంచి వంక చూశాడు.

మందులక్క ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. "మూడూ ఇచ్చానండీ, రెండు నెలలుగా, రోజూ. చదవకుండా ఇచ్చాను. ఇందాక మీతో అబద్ధమాడాను."

ఆయన డబ్బాలు తిప్పి చదివాడు. "ఇప్పుడు తెలిసింది కదా, చూద్దాం," అంటూ సెలైన్ సీసా అందుకున్నాడు.

బొద్దు ఇంకా నోరు తెరిచే ఉంది. "వద్దురా నాన్నా, ఇంక వద్దు," అంటూ ఆవిడ దాని దవడ మెల్లగా మూసింది. మాత్ర చేతిలోనే ఉందనుకుని అది ఆ చెయ్యంతా నాకింది.