ఆఖరి వరుసలో నోరీనా

ఎర్సీలియాకు ఒళ్లు మండిపోయింది. సినిమా మొదట్లో తెరమీద పడే పేర్లు పద్నాలుగు. పద్నాలుగూ మగవాళ్లవే. వాటిని ముత్యాల్లాంటి అక్షరాలతో రాయాల్సింది మాత్రం తను! ఎందుకంటే మిలాన్‌లోని ఆ కార్టూన్ బొమ్మల స్టూడియోలో అంత చక్కటి చేతిరాత ఇంకెవరికీ లేదు మరి.

జాబితా పట్టుకుని దర్శకుడు ఒత్తావియో గదిలోకి తలుపైనా తట్టకుండా వెళ్లింది.

"మేస్ట్రో, ఇందులో నోరీనా పేరేదీ?"

"ఏ నోరీనా?"

ఏ నోరీనానా! సినిమా అంతా తిరిగే గాడిదకు రంగులు వేసిన నోరీనా. యుద్ధంలో బాంబులకు భయపడి స్టూడియోను పల్లెటూరి బంగళాకు మార్చినప్పుడు, రంగులు అయిపోతే నగరానికి పోయి తెస్తానని బయల్దేరిన నోరీనా. తిరిగొస్తుంటే రైలు మీద విమానాలు కాల్పులు జరిపాయి. ఒళ్లో రంగు డబ్బా పెట్టుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది, ఇరవై రెండేళ్ల పిల్ల. ఆ డబ్బాలో రంగుతోనే మిగతా గాడిదను పూర్తి చేయించాడు ఈ పెద్దమనిషి.

"ఓ, ఆ పిల్లా! పాపం," అన్నాడు ఒత్తావియో. "చోటు లేదమ్మాయ్. అయినా పోయినవాళ్లు పేరు కోసం పేచీ పెడతారా?"

"మీ బావమరిదికి చోటుందే! పొయ్యిలోకి కట్టెలు తెచ్చి పడేయడం తప్ప ఆయన ఏం చేశాడండీ?"

"నోరు అదుపులో పెట్టుకో. రాయమన్నది రాయి."

"బుధవారం మొదటి ఆటకి వాళ్లమ్మ వస్తోంది. కూతురి పేరు తెరమీద చూపిస్తానని మాటిచ్చాను. ఆమెకు నా మొహం ఎలా చూపించను?"

"నన్నడిగే మాటిచ్చావా?" అని ఆయన ఫోను అందుకున్నాడు.

బయటికొచ్చేసరికి వసారాలో అమ్మాయిలు బొమ్మలు వేసే సెల్యులాయిడ్ రేకులు, అద్దంలా అవతలిది కనబడేవి, కడుగుతున్నారు. రేకు దొరకడమే గగనమైన రోజులు. కెమెరా పట్టేశాక బొమ్మను వేడినీళ్లతో కడిగేసి, అదే రేకు మీద మరో బొమ్మ వేయాల్సిందే. నోరీనా రంగులు వేసిన వేలకొద్దీ గాడిదలు అలాగే తూములో కలిసిపోయాయి. తల్లికి చూపిద్దామంటే ఒక్కటీ మిగల్లేదు. ఇక ఆ పేరు కూడా లేకపోతే ఆ పిల్ల అసలు బతికినట్టేనా?

ఎర్సీలియా పళ్లు బిగించి పద్నాలుగు పేర్లూ రాసింది. ఒత్తావియో కళ్లజోడు పెట్టుకుని చూసి, బాగుందని మూలన సంతకం గీకాడు. అప్పుడామె కడిగిన రేకు ఒకటి తీసుకుని, అడుగున సరిగ్గా ఒక్క వరుస రాసింది. అంతకు మించి చోటు లేదు. రెండూ పట్టుకుని కెమెరా పట్టే ఎజీదియో దగ్గరికెళ్లింది.

"దీని మీద ఇది పెట్టి తీయి."

"మేస్ట్రో చూశాడా?"

"చూసింది ఇది. చూడనిది ఇది."

"నా ఉద్యోగం ఊడుతుంది తల్లీ!"

"ఊడనీ. ఆ రైల్లో వెళ్లాల్సింది నువ్వు. జ్వరమని ముసుగుతన్ని పడుకుంటే నీ బదులు అది వెళ్లింది. గుర్తుందా?"

ఎజీదియో రేకు అందుకుని జాగ్రత్తగా తుడిచాడు.

ప్రింటు బుధవారం మధ్యాహ్నమే వచ్చింది. ముందుగా చూసుకునే తీరిక ఎవరికీ దొరకలేదు. నోరీనా తల్లి తెరెసీనా నల్ల శాలువా కప్పుకుని ఎర్సీలియా పక్కన కూర్చుంది. తెరమీద పేర్లు పడగానే పెదాలు కదుపుతూ ఒక్కొక్కటే కూడబలుక్కుంది. ఆఖరి వరుసకు రాగానే ఎర్సీలియా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆట అయ్యేదాకా వదల్లేదు.

దీపాలు వెలిగీ వెలగ్గానే ఒత్తావియో మొహం ఎర్రగా చేసుకుని దూసుకొచ్చాడు. వెనకే పత్రికలవాళ్లు.

"ఎవర్నడిగి..." అంటూ ఎర్సీలియా మీదికి రాబోయాడు. ఈలోగా తెరెసీనా లేచి ఆయన రెండు చేతులూ పట్టేసుకుంది.

"బాబూ, నా బిడ్డను మరిచిపోలేదు! మీ కడుపు చల్లగుండ!"

ఆయన విలేకరుల వంక ఓ చూపు చూశాడు. చిటికెలో మొహం మారిపోయింది.

"ఎలా మరిచిపోతామమ్మా! నేనే పట్టుబట్టి వేయించాను."

ఎంత తెగింపు! ఎర్సీలియాకు నెత్తురు మరిగిపోయింది. ఆ కాలరు పట్టుకుని నలుగురిలో నిలదీద్దామనుకుంది. కానీ తెరెసీనా కళ్లల్లో వెలుగు చూసి, నాలుక కరుచుకుని ఆగిపోయింది.

"మరి ఈ అమ్మాయి పేరేదీ బాబూ?" అంది తెరెసీనా. "రంగులన్నీ కలపడం మా పిల్లకి నేర్పింది ఈమేగా. నాకు చదవడం నిదానం. అన్ని పేర్లూ చదివాను, మా పిల్లదీ చదివాను. ఈమెది కనబళ్లేదు. నేనే దాటేశానా?"

విలేకరి పెన్సిలు ఆగింది. ఒత్తావియో దిక్కులు చూశాడు.

"అదీ... చోటు..."

"చెప్పండి మేస్ట్రో," అంది ఎర్సీలియా. "అమ్మ అడుగుతోంది."