చివరి చరణంలో పేరు

"ఆ అబ్బాయి మన పిల్లని ఏదో ఒకరోజు గదిలో పెట్టి తాళం వేస్తాడు, చూస్తూ ఉండండి," అన్నాను పెనం మీద పరాఠా తిప్పుతూ.

మా ఆయన లస్సీ గ్లాసు కింద పెట్టకుండానే, "ఏ అబ్బాయి?" అన్నారు.

"ఇంకెవడు! పాటలో వాడు."

మా ఇష్మీత్ మొహాలీలో ఉండి పాటలు పాడుతుంది. ఫతేవీర్ అని ఒకడితో కలిసి కట్టిన పాట ఇవాళ బయటికొస్తోంది. దాని ముక్క ఒకటి ముందే ఫోన్లలో వదిలారు. అందులో వాడు, "ఎక్కడున్నావో ఫోటో పంపు, వెనక గోడ కూడా కనబడాలి" అంటాడు. మా పిల్లేమో, "నీ ప్రేమలో ఊపిరాడదు, అయినా నువ్వు పిలిస్తే పలుకుతా" అంటుంది. అది విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. నిజంగా పడకుండానే అంత బాధ గొంతులోకి ఎలా వస్తుంది?

"పాటే కదే," అన్నారాయన. లస్సీ ఒక గుక్క తాగి, "ఆ గోడ మాట మాత్రం ఎక్కడో విన్నట్టుంది," అన్నారు.

"చూశారా! అంటే ఇలాంటి మగాళ్లు ఊరి నిండా ఉన్నారన్నమాట."

పొద్దుటి నుంచి ఫోన్ చేస్తున్నా, పిల్ల ఎత్తదు. వాడు ఫోన్ లాగేసుకుని ఉంటాడు. లేదా స్టూడియో అంటుకుని ఉంటుంది. రెండూ అయ్యుండొచ్చు కూడా. బీరువా మీది పెద్ద సంచి దించి దులిపాను.

"ఖాళీ సంచి దేనికి?"

"దాని బట్టలు సర్దుకు రావడానికి. పాటలూ వద్దు, మొహాలీ వద్దు. ఇవాళే ఇంటికి తెచ్చేస్తాను."

"పాట లేకపోతే అది బతకదు."

"ఉంటే అసలు బతకనివ్వరు!" అని చున్నీ సర్దుకుని బయల్దేరాను.

మా సమ్రాలాలో మొహాలీ బస్సు ఎక్కాను. కిటికీ పక్కన ఒక లావుపాటి ఆవిడ మొక్కజొన్న పొత్తు తింటోంది. ఆవిడ పక్కన కూర్చుని మళ్లీ ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఇంతలో డ్రైవరు పాట పెట్టాడు. అదే పాట, ఈసారి మొత్తం.

"మూడుసార్లు మోగేలోపు ఎత్తకపోతే నా గుండె ఆగిందనుకో," అన్నాడు పాటలో వాడు.

"ఛీ, వీడి మొహం మండ!" అంది పొత్తు ఆవిడ. "ఇలాంటి వాణ్ని చెప్పుతో కొట్టాలి."

"చెప్పు సరిపోదక్కా," అన్నాను. నా మనసులో మాట చెప్పే మనిషి దొరికినందుకు ప్రాణం లేచొచ్చింది.

"ఎవరితో తింటున్నావు? ఏం తింటున్నావు? నూనె మంచిదేనా?" అన్నాడు వాడు.

బస్సంతా నవ్వింది. వెనక సీట్లో ఒక ముసలి సర్దార్జీ, "వీడు ప్రేమికుడా, ఫుడ్ ఇన్‌స్పెక్టరా?" అన్నాడు.

నేను నవ్వలేదు. ఆ నూనె సంగతి నాకూ ఎక్కడో విన్నట్టే అనిపించింది. ఎప్పుడో మాత్రం తెలియలేదు.

"ఎవడు రాశాడో ఇది?" అంది పొత్తు ఆవిడ.

"ఆగు మాసీ, మన పాటల్లో రాసినవాడు చివరి చరణంలో తన పేరు, ఊరు చెబుతాడుగా," అన్నాడు కండక్టరు. "అప్పుడు తిడదాం."

తిట్టడానికి నేనూ సిద్ధంగా కూర్చున్నాను. చివరి చరణం మా పిల్లే అందుకుంది. "రాసింది సమ్రాలా జస్పాల్, కోపమొస్తే అక్కడికెళ్లి అడగండి" అని నవ్వుతూ ముగించింది.

నా పేరు జస్పాల్ కౌర్.

"కొత్త పేరే! మగాడా, ఆడదా?" అన్నాడు కండక్టరు.

"ఆడది ఇలా రాస్తుందా? మగాడే. పెళ్లాన్ని ఏడిపించుకు తినే రకం," అని తేల్చేసింది పొత్తు ఆవిడ. తర్వాత నా వైపు తిరిగి, "సమ్రాలాలోనేగా ఎక్కావు, నీకు తెలుసా వాణ్ని?" అంది.

"లేదక్కా," అని చున్నీ మొహం మీదికి లాక్కున్నాను.

అప్పుడు మోగింది ఫోన్.

"మమ్మీ! పాట విడుదల హడావిడిలో ఫోన్ పక్కన పడేశాను. బాగానే ఉన్నావా?"

"వాడు నీ పక్కనే ఉన్నాడా?" అన్నాను గుసగుసగా.

"ఎవడు, ఫతేవీరా? వాణ్ని నేనింతవరకు ఎదురుగా చూడనే లేదు. బఠిండాలో పాడి గొంతు పంపించాడు, ఇక్కడ నా గొంతుతో కలిపారు. మాటలే కుదరక చచ్చాం. అప్పుడు నువ్వు నాకు పంపే వాయిస్ మెసేజీలు వాడికి ఫోన్లో వినిపించాను. వాడు పడీ పడీ నవ్వి, 'మా మమ్మీ ఇంకా ఘోరం, ఇవే పాడదాం' అన్నాడు. వాడు పాడినవన్నీ నీ మాటలే, అందుకే నీ పేరు పెట్టాను." గొంతు తగ్గించింది. "నాన్న ఇప్పుడే ఫోన్ చేశారు, సంచి తీసుకుని వస్తున్నావట. నిజంగా తీసుకెళ్లిపోతావా మమ్మీ?"

దారిలో మోరిండా ఊరి చక్కెర మిల్లు వాసన వచ్చింది, పోయింది. డ్రైవరు పాట మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. ముసలి సర్దార్జీ నూనె దగ్గర తనూ గొంతు కలిపాడు. పొత్తు ఆవిడ జస్పాల్‌ని ఇంకోసారి తిట్టింది, తిడుతూనే కాలుతో తాళం వేసింది. ఫోన్లో పిల్ల ఊపిరి వినబడుతూనే ఉంది. అది ఫోన్ పెట్టెయ్యలేదు. ఒళ్లో ఖాళీ సంచిని మడిచి, మళ్లీ మడిచి, సీటు కిందికి తోశాను.

"సమ్రాలా అని ఎందుకు పెట్టావే?" అన్నాను చివరికి. "అది మీ నాన్న ఊరు. నా పుట్టిల్లు రాహోం. వచ్చే పాటలో అది పెట్టు."