పక్కకు లాగిన ముఖం

ములకలపల్లి సెంటర్లో రిజ్వాన్ ఫ్లెక్సీ షాపుకు ఒక పేరుంది. అతని చేతిలో పడితే బక్కప్రాణి కూడా బోర్డు మీద నిండుగా కనిపిస్తాడు. జనం ఫోన్లో తీసిన నిలువు ఫొటో తెచ్చి అడ్డం బోర్డు కొట్టమంటారు. పక్కన కాస్త ఖాళీ కనబడితే చాలు, "ఏంది భాయ్, బోర్డు బోడిగ ఉంది" అని తగువుకొస్తారు. అందుకే రిజ్వాన్ కంప్యూటర్లో ఫొటో పక్క అంచు పట్టుకుని అడ్డంగా లాగేస్తాడు. బుగ్గలు ఉబ్బుతాయి, పుట్టినరోజు నాయకుడు మురిసిపోతాడు. ఇంకేం కావాలి!

ఆ పొద్దున అడవి మీద మబ్బు నల్లగా దిగి ఉంది. తబితా పరుగున వచ్చింది.

"రిజ్వానన్నా, మా నాయిన నిన్నటి సంది కనవడ్తలేడు. జల్దీ బోర్డులు కొట్టు. పెద్దవాన వడితే వాగు పొంగుతది."

ఆమె తండ్రి జోజి, చర్చిలో గంట కొట్టే ముసలాయన. కోలముఖం, లోపలికి పోయిన బుగ్గలు. ఏడాదిగా మతి చెడింది. ఎవరైనా పేరడిగితే నవ్వి ఊరుకుంటాడు.

రిజ్వాన్ వెంటనే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆ తొందరలో చెయ్యి తన అలవాటు పనే చేసింది. ఫొటో మూల పట్టుకుని లాగితే నిలువూ అడ్డమూ కలిసి పెరుగుతాయి, ముఖం ముఖంలాగే ఉంటుంది. అతను పక్క అంచు పట్టుకున్నాడు. జోజి బోర్డంతా నిండిపోయాడు.

"నంబరు కరెక్టేనా, చూస్కో చెల్లె."

తబితా కళ్లు తుడుచుకుని నంబరు చూసింది, పేరు చూసింది. తండ్రి ముఖం తెలియనిదా ఏమిటి, ఇంక దాన్ని చూసేదేముంది? "అవ్ అన్నా" అంది.

మధ్యాహ్నానికల్లా ఇద్దరూ కలిసి అడవి రోడ్డు పొడుగునా బోర్డులు కట్టారు. ఒక్క ఫోనూ రాలేదు. చీకటి పడగానే మొదలైన వాన తెల్లారినా ఆగలేదు.

మర్నాడు మేకలు కాసే దస్రు తడుస్తూ వచ్చి షాపు చూరు కింద నిలబడ్డాడు. లోపల తబితా స్టూలు మీద ముడుచుకుని కూర్చుంది. ఫోన్లలో పంపడానికని రిజ్వాన్ అసలు ఫొటో తెరిచాడు. దస్రు తొంగి చూశాడు.

"గీ తాతను నేను జూసిన గదనే!"

తబితా లేచి నిలబడింది. "ఏడ?"

"నిన్న పొద్దుగూకంగ, వాగు కాడ బోర్డు కింద కూసున్నడు. బోర్డుల మనిషి గీయనేనా అని ముఖం పక్కన ముఖం పెట్టి జూసిన. బోర్డుల ఉన్నాయనవి బూరె బుగ్గలు. ఈయన కోలముఖపాయన. ఫోన్ చేద్దామని తీసిన గూడ. కాదులే అని జేబుల పెట్టుకున్న. 'ఇంటికి ఎటు పోవాలె బిడ్డా' అన్నడు. అవతలి ఊరాయన అనుకొని, వాగు దాటే తొవ్వ జూపిచ్చిన."

"యా అల్లా, నా చేతులు ఇరిగిపోను!" రిజ్వాన్ కుర్చీలో కూలబడ్డాడు. పాపిష్టి చెయ్యి, ఒక్క మూల పట్టుకుంటే సరిపోయేది!

ముగ్గురూ వాగు దగ్గరికి పరుగెత్తారు. ఎర్రనీళ్లు హోరుమంటూ గట్టు ఒరుసుకుని పారుతున్నాయి. అవతల దారే లేదు. బోర్డు మీది బూరెబుగ్గల మనిషి మాత్రం వానలో వాళ్లనే చూస్తున్నాడు.

నీళ్లు తీశాక జోజి కిందివైపు పొదల్లో దొరికాడు.

సమాధి అయిన మర్నాడు తబితా మళ్లీ షాపుకు వచ్చింది. తండ్రిని తలుచుకుని చర్చివాళ్లు జరిపే ఆదరణ కూడికకు బోర్డు కావాలంది. ఫొటో అదే. రిజ్వాన్ ఈసారి మూల పట్టుకున్నాడు. నిలువుకు తగ్గ పాళ్లలోనే అడ్డమూ పెరిగింది. అటూ ఇటూ తెల్లగా ఖాళీ మిగిలింది. అతను దాన్ని అలాగే వదిలేశాడు.

తబితా పేరు చూడలేదు, తేదీ చూడలేదు. ఆ ముఖం వైపే చాలాసేపు చూసింది.

"గిప్పుడు మా నాయిన లెక్క ఉన్నడన్నా" అంది.